సహాయకుల పని పద్ధతుల వెనుక వికలాంగుల అనుభవం

వికలాంగులకు తోడుండే పనిలో మనుషులు ఎక్కువ కాలం నిలవరు. ఎత్తి ఎత్తి నడుము పట్టేస్తుంది, రాత్రిళ్లు నిద్ర ఉండదు, బరువంతా ఒక్కరి మీదే పడుతుంది. ఇంట్లో వాళ్లయితే మానేసే వీలు కూడా లేక లోలోపలే అలిసిపోతారు. ఇలాంటివారికి ఇచ్చే శిక్షణల్లో ఎక్కువగా వినిపించే మాట ‘ఓపిక పట్టాలి’. అయితే తీవ్ర వైకల్యంతో దశాబ్దాలు బతికినవారిని చూస్తే, వాళ్లను నిలబెట్టింది ఒట్టి ఓపిక కాదని తెలుస్తుంది. ఏ పని ఎప్పుడు, ఎవరు, ఎంతసేపు చేయాలన్నది వాళ్లు తేల్చుకున్నారు. ఆ పద్ధతులు వచ్చిన దారి తెలిస్తే, ఈ రోజు సహాయకులు ఎక్కడ కుంగిపోతున్నారో కూడా అర్థమవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వెన్నుపాము తెగినవారు సాధారణంగా ఒకటి రెండేళ్లకు మించి బతికేవారు కాదు. ప్రాణం తీసేది గాయం కాదు, పడక పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్. 1944 ఫిబ్రవరి 1న ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో నాడీ వైద్యుడు లుడ్విగ్ గట్‌మన్ ఈ గాయాలకు ప్రత్యేక విభాగం తెరిచారు. పగలూ రాత్రీ రెండు గంటలకోసారి రోగిని పక్క మీద తిప్పాలన్నది అక్కడి కచ్చితమైన నియమం. కూర్చోగలిగే దశకు వచ్చాక ఒంటిని కాపాడుకునే బాధ్యతను రోగికే నేర్పేవారు. 1948 జులై 29న ఆ ఆవరణలోనే 16 మందితో విలువిద్య పోటీ జరిగింది. పారాలింపిక్స్‌కు మొదలు అదే.

వీల్‌చెయిర్‌లో కూర్చున్నవారు 15 నుంచి 30 నిమిషాలకోసారి ముందుకు గానీ పక్కకు గానీ వాలి, పిరుదుల మీద బరువును ఒకటి రెండు నిమిషాలు తీసేయాలి. చేతులు ఆన్చి పైకి లేవడం పాత పద్ధతి. దాంతో భుజాలు అరిగిపోతాయి, అంతసేపు నిలపడమూ కష్టం. వాలడమే మేలు. ఉదయం, రాత్రి త్రికాస్థి (వెన్నెముక కింది కొసన, పిరుదుల పైన ఉండే ఎముక), కూర్చునే ఎముకలు, మడమలు, చీలమండలు చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రంగు రావాలి. రాకపోతే ఆ ఎరుపు పోయేదాకా దాని మీద బరువు పడకూడదు. మన చర్మపు రంగు మీద ఎరుపు సులువుగా కనిపించదు. అందుకే వేళ్ల వెనుక భాగంతో తాకి వేడిగా ఉందా, చుట్టుపక్కల కంటే గట్టిగా ఉందా, మెత్తబడిందా అని పోల్చాలి. కొత్త సహాయకులు ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే.

తెలుగువారికి దగ్గరగా ఇదే చరిత్ర వెల్లూరులో నడిచింది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో యువ డాక్టరుగా ఉన్న మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడినా, తాను వీల్‌చెయిర్‌లో కూర్చునే ఉండి కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తర్వాత న్యూయార్క్‌లో హోవర్డ్ రస్క్ దగ్గర పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి, సీఎంసీలో ఆ విభాగాన్ని నడిపించారు. 1966లో అక్కడ ప్రత్యేక పునరావాస కేంద్రం మొదలైంది. చిత్తూరు, నెల్లూరు, కడప వైపు నుంచి వెళ్లేవారికి అది తెలిసిన చోటే. రోగితో పాటు ఇంటి మనిషి ఉండి పని నేర్చుకోవడం అక్కడి పద్ధతి. ఇంటికి వెళ్లాక ఆ పని నర్సు చేయదు కనుక ఇది సరైన ఆలోచన. దీని బలహీనత కూడా అందులోనే ఉంది. నేర్చుకున్నది ఒక్కరే అయితే, ఆ ఒక్కరికి జ్వరం వస్తే ఇల్లంతా ఆగిపోతుంది.

ఈ చిక్కుకు విరుగుడు అమెరికాలో విద్యార్థులు కనిపెట్టారు. 14 ఏళ్ల వయసులో పోలియో సోకి, మెడ కింద కదలిక పోయిన ఎడ్ రాబర్ట్స్ 1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరారు. ఆయన ఐరన్ లంగ్‌కు (ఊపిరి ఆడించే పెద్ద యంత్రం) హాస్టల్ గది సరిపోక కోవెల్ ఆసుపత్రిలో బస ఇచ్చారు. మరికొందరు చేరి అక్కడ ఒక బృందంగా మారారు. సహాయకులను వాళ్లే పనిలో పెట్టుకున్నారు, వాళ్లే నేర్పారు, పనికిరాకపోతే వాళ్లే మార్చుకున్నారు. 1970లో విశ్వవిద్యాలయంలో, 1972లో ఊళ్లో కేంద్రాలు తెరిచి సహాయకుల జాబితా ఉంచారు. రావాల్సినవారు రాకపోతే అత్యవసరంగా పంపడానికి మనుషులు, వీల్‌చెయిర్ బాగుచేసే మెకానిక్ అక్కడే ఉండేవారు. ఒక మనిషి మీద ఆధారపడటమే అసలు ప్రమాదమని గుర్తించడం వాళ్ల గొప్పతనం.

పని నేర్పేది ఆ ఒంటి యజమానే అయితే తేడా ఎంతో మంచం నుంచి కుర్చీకి మార్చేటప్పుడు తెలుస్తుంది. కుర్చీని మంచానికి సుమారు 30 డిగ్రీల కోణంలో పెట్టాలి. బ్రేకులు వేయాలి, ఫుట్‌రెస్ట్ తీసేయాలి, మంచం వైపు చేతిపట్టీ తప్పించాలి. మనిషిని మంచం అంచుకు జరిపి, పాదాలు నేలకు ఆన్చి, మంచానికీ కుర్చీకీ మధ్య వేసే నున్నటి పలక కొసను తొడ కింద దూర్చి, దాని మీదుగా కుర్చీలోకి జార్చాలి. ఒక్క ఊపున ఎత్తేస్తే త్వరగా అవుతుందనుకుని చంకల కింద పట్టుకుని లాగుతారు. దాంతో సహాయకుడి నడుము, వికలాంగుడి భుజం రెండూ దెబ్బతింటాయి, చర్మం దుప్పటికి రాసుకుని పుండు మొదలవుతుంది. ‘ఇప్పుడు కాదు, నేను చెప్పాక’ అనే మాటకు ఆగడం సహాయకుడు నేర్చుకోవాల్సిన మొదటి పని.

ప్రాణాపాయంలోనూ అంతే. ఛాతీ భాగంలోని ఆరో వెన్నుపూస స్థాయిలో గానీ అంతకు పైన గానీ వెన్నుపాముకు గాయమైనవారికి ఒక్కసారిగా తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు వస్తే బీపీ పెరుగుతోందని అర్థం. వీరికి మామూలుగా బీపీలో పై సంఖ్య 90 నుంచి 110 ఉంటుంది. కాబట్టి 140 కనిపిస్తే, పుస్తకం ప్రకారం మరీ ఎక్కువ కాదని వదిలేయడం ప్రమాదం. పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీసి, బెల్టు, బిగుతు బట్టలు వదులు చేయాలి. తర్వాత యూరిన్ పైపు మడత పడిందా, బ్యాగ్ నిండిందా చూడాలి. ఎక్కువసార్లు కారణం మూత్రాశయమే. ఆ తర్వాత మలబద్ధకం, చర్మం మీద పుండు, లోపలికి పెరిగిన గోళ్లు ఉన్నాయా చూడాలి. బీపీ దిగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చాలామంది డాక్టర్లకు ఇది అరుదుగా ఎదురవుతుంది కనుక, విషయం తెలిసిన వికలాంగుడే అక్కడ వివరించాల్సి వస్తుంది.

అలసట గురించి పాఠం పోలియో బాధితులు చాలా మూల్యం చెల్లించి నేర్పింది. 1950లలో వారికి అందరూ చెప్పింది ‘ఇంకా గట్టిగా ప్రయత్నించు’ అనే. చాలామంది అలాగే నడిచారు, ఉద్యోగాలు చేశారు. కొన్ని దశాబ్దాల తర్వాత కండరాలు మళ్లీ బలహీనపడటం, విపరీతమైన అలసట మొదలయ్యాయి. మిగిలిన కొద్ది నాడీకణాలే అదనపు కొమ్మలు వేసి ఎక్కువ కండరాన్ని మోస్తూ వచ్చాయి, చివరికి అవీ అలిసిపోయాయి. 1981లో షికాగోలో జీనీ లారీ ఏర్పాటు చేసిన సమావేశం ద్వారా ఈ ఫిర్యాదులు వైద్యుల దృష్టికి గట్టిగా వచ్చాయి. పోలియో బాధితులు అనుసరించిన మార్గం: అలిసిపోకముందే ఆగడం, పనిని ముక్కలుగా చేసి మధ్యలో పడుకోవడం, దూరానికి సిగ్గుపడకుండా వీల్‌చెయిర్ వాడటం. భారత్‌లో సహజ (వైల్డ్) పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011లో నమోదైంది. 1970లు, 80లలో పోలియో వచ్చిన మన ఊళ్ల మనుషులు ఇప్పుడు సరిగ్గా ఈ దశలో ఉన్నారు. వారిని ‘బద్ధకం పెరిగింది’ అనడం అన్యాయం. సహాయకులు తమ రోజుకూ ఇదే లెక్క వేసుకోవాలి: స్నానం, బట్టలు, మలవిసర్జన ఒకే వరుసలో పెట్టుకుంటే ఆరుసార్లు ఎత్తేది మూడుసార్లతో సరిపోతుంది.

సహాయకులను వికలాంగులే ఎంచుకోవాలన్న ఆలోచనకు స్వీడన్‌లో పూర్తిస్థాయి చట్ట రూపం వచ్చింది. 1994 నుంచి అక్కడ అవసరాన్ని గంటల్లో లెక్కించి, సహాయకులను పెట్టుకునే హక్కు వికలాంగులకే ఇచ్చారు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్య సమితి ఒప్పందంలోని 19వ అధికరణం వ్యక్తిగత సహాయాన్ని హక్కుగా చెబుతుంది. భారత్ దాన్ని 2007లో ఆమోదించింది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో అధిక సహాయం అవసరమైనవారికి సహాయకుల భత్యాన్ని ప్రస్తావించి, 38వ సెక్షన్‌లో అలాంటివారు దరఖాస్తు చేసుకునే వీలు కల్పించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వికలాంగుల పింఛను రూ.6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి రూ.15,000. తెలంగాణలో 2023లో రూ.4,016కు పెంచారు. పింఛను వేరు, సహాయకుడి జీతం వేరు. రెండింటినీ ఒకే ఖాతాలో కలిపి చూడటం వల్లే ఇంటి ఆడవాళ్ల శ్రమ లెక్కలోకి రావడం లేదు.

అధిక సహాయానికి దరఖాస్తు చేసేవారు ముందుగా ఒక వారం పాటు కాగితం మీద గంటల లెక్క రాసుకోవడం అవసరం. ఏ పనికి ఎన్ని నిమిషాలు, ఎందరు మనుషులు, రాత్రి పక్క తిప్పడానికి ఎన్నిసార్లు లేచారు అన్నవి వేర్వేరుగా రాయాలి. దరఖాస్తులో తరచూ వదిలేసేది రాత్రి పనినే.