సీసా మీద లేబుల్ ఎందుకు వదలదు?

ఖాళీ అయిన గాజు సీసాను దాచుకుందామని వేడినీళ్లలో నానబెట్టి చూసినవాళ్లకు ఈ బాధ తెలుసు. లేబుల్ పైపొర ఊడొస్తుంది, జిగురు మాత్రం తెల్లటి చారలుగా సీసాను పట్టుకునే ఉంటుంది. గోరుతో గీకి, కాస్త నూనె రాసి రుద్ది, అప్పటికీ వదలకపోతే విసుగొచ్చి చెత్తబుట్టలో వేస్తాం. పాత సీసాలతో అందమైన అలంకరణలు చేసి చూపించే వీడియోల్లో ఈ ఘట్టం కనిపించదు. అక్కడ సీసా మొదటి దృశ్యంలోనే తళతళలాడుతూ వస్తుంది. ఒకప్పుడు ఇంటిపనిలో భాగంగా సాగిపోయిన పునర్వినియోగం ఇప్పుడు తీరిక ఉన్నవాళ్ల హాబీ ఎలా అయిందో తెలియాలంటే ఆ జిగురు దగ్గర్నుంచే వెనక్కి వెళ్లాలి.

పాత వస్తువులకు మొదట విలువ తెచ్చింది ముడిసరుకు కరువు. పర్యావరణం గురించిన దిగులు చాలా తర్వాత వచ్చింది. 19వ శతాబ్దం మధ్యదాకా ఐరోపాలో కాగితం ఎక్కువగా చిరిగిన నార, నూలు గుడ్డలతోనే తయారయ్యేది. అచ్చుపని పెరిగేకొద్దీ గుడ్డలకు కటకట మొదలైంది. 1800లో లండన్‌లో మథియాస్ కూప్స్ అచ్చయిన కాగితం నుంచి ఇంకు తీసేసి మళ్లీ కాగితం చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. 1813లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ ప్రాంతపు బాట్లీలో బెంజమిన్ లా పాత ఉన్నిబట్టలను పీచుపీచుగా విడదీసి, కొత్త ఉన్నితో కలిపి మళ్లీ నేయించాడు. ఆ బట్టకు షాడీ అని పేరు. నాసిరకం అనే అర్థంలో ఇంగ్లిష్‌లో ఇప్పుడు వాడే మాట అదే. తిరిగి చేసిన సరుకు మీద చిన్నచూపు ఈనాటిది కాదన్నమాట. కొయ్యగుజ్జుతో కాగితం చేయడం వచ్చాక పాత గుడ్డల గిరాకీ పడిపోయింది.

చెత్తను ఇంట్లోనే వేరుచేయమనడం కూడా మనం అనుకునేంత కొత్త కాదు. పారిస్ పాలనాధికారి యూజీన్ పుబెల్ 1884లో ప్రతి ఇంటికీ చెత్తడబ్బాలు తప్పనిసరి చేశాడు. కుళ్లేవి ఒకదాంట్లో, కాగితాలు గుడ్డలు ఇంకోదాంట్లో, గాజూ పింగాణీ పెంకులూ మూడోదాంట్లో వేయమన్నాడు. చెత్త ఏరుకుని బతికేవాళ్లు తమ పొట్ట కొడుతున్నాడని గోల చేశారు. ఆయన పేరే ఫ్రెంచ్‌లో చెత్తడబ్బాకు మారుపేరైపోయింది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చేది పిండి సంచుల ముచ్చట. అమెరికాలో పిండి, పశువుల దాణా నూలు సంచుల్లో అమ్మేవారు. సంచి ఖాళీ కాగానే ఇల్లాలు కుట్టు విప్పి, ఉతికి, పిల్లలకు గౌన్లూ దిండుగలీబులూ కుట్టేది. ఇది కంపెనీల కంటపడింది. 1920ల నుంచి సంచుల మీద పూలూ చుక్కలూ అచ్చేయడం మొదలుపెట్టాయి. తమ పేరును ఉతికితే పోయే ఇంకుతో ముద్రించాయి, లేదా సులువుగా ఊడే కాగితం మీద వేసి అంటించాయి. కొన్ని సంచుల మీద కత్తిరించి కుట్టుకోవడానికి వీలుగా బొమ్మల ఆకారాలు కూడా అచ్చయ్యేవి. సంచుల తయారీదారుల సంఘం కుట్టుపని పుస్తకాలే పంచింది. ఒకే పువ్వు సంచులు మూడు దొరికితేనే పెద్దవాళ్ల గౌను అవుతుంది కాబట్టి, ఏ కంపెనీ దాణా కొనాలో సంచి మీది పువ్వే తేల్చేది. వ్యాపారం కోసమే చేశారు, నిజమే. కానీ వస్తువు రెండో బతుకు గురించి తయారుచేసినవాడే ముందుగా ఆలోచించాడు. ఇంకు వదిలించే కష్టాన్ని కొన్నామె నెత్తిన పెట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చవకైన కాగితపు సంచులు వచ్చాయి, పువ్వులు పోయాయి.

అదే కాలంలో గాలి ఎటు తిరిగిందో ఒక ఫొటో చూస్తే తెలుస్తుంది. 1955 ఆగస్టులో లైఫ్ పత్రిక వేసిన ఆ ఫొటోలో ఓ కుటుంబం కప్పులూ పళ్లేలూ గాల్లోకి విసిరేస్తూ ఆనందిస్తుంటుంది. వీటన్నిటినీ కడగాలంటే 40 గంటలు పడుతుందట, ఇక ఏ ఇల్లాలికీ ఆ శ్రమ అక్కర్లేదట. మరుసటి ఏడాది ప్యాకేజింగ్ పత్రిక సంపాదకుడు లాయిడ్ స్టౌఫర్ ప్లాస్టిక్ భవిష్యత్తు చెత్తబుట్టలోనే ఉందని తన పరిశ్రమవాళ్లకే చెప్పాడు. మనం హెచ్చరిక అనుకుంటాం గానీ, ఆయన చూపించింది లాభాల దారి. కడిగి దాచుకునే డబ్బాను ఒకసారే కొంటారు, పారేసే డబ్బాను రోజూ కొంటారు.

1953లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం తిరిగి నింపడానికి పనికిరాని బీరు సీసాలను నిషేధించింది. ఆ ఏడాదే ప్యాకేజింగ్, పానీయాల కంపెనీలు కలిసి కీప్ అమెరికా బ్యూటిఫుల్ అనే సంస్థను పెట్టాయి. వీధుల్లో చెత్త వేయడం పౌరుల తప్పు, దాన్ని దిద్దుకోవాల్సింది వాళ్లే అన్నది దాని ప్రచారసారం. వెర్మాంట్ చట్టం 1957లో గడువు తీరి పోయింది. 1970లో గ్యారీ ఆండర్సన్ అనే 23 ఏళ్ల విద్యార్థి ఒక పోటీకి రీసైక్లింగ్‌ను సూచించే మూడు బాణాల గుర్తు గీశాడు. ఆ పోటీ పెట్టింది అట్టపెట్టెల కంపెనీ. 1988లో ప్లాస్టిక్ పరిశ్రమ, ఏ రకం ప్లాస్టికో చెప్పే తన అంకెలను అలాంటి బాణాల మధ్యే పెట్టడంతో, బాణాలున్నవన్నీ మళ్లీ తయారవుతాయని జనం నమ్మారు. ప్రపంచంలో 2015 వరకు పుట్టిన ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయింది దాదాపు 9 శాతమే.

ప్రవాహానికి ఎదురీదిన తయారీదారులూ లేకపోలేదు. కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవి తీరంలో తన బీరు కంపెనీ సీసాలు గుట్టలుగా పడి ఉండటం చూసిన ఆల్‌ఫ్రెడ్ హైనెకెన్, వాస్తుశిల్పి జాన్ హాబ్రాకెన్ చేత ఇటుకలా వాడుకోగల సీసాను గీయించాడు. 1963లో వచ్చిన ఆ పలకల సీసాను అడ్డంగా పడుకోబెడితే, దాని మెడ పక్క సీసా అడుగున ఉన్న గుంటలో ఇమిడిపోయేది. తాగేసిన సీసాలతో గోడ కట్టుకోవచ్చు. ఆలోచన బ్రహ్మాండం, కానీ ప్రయోగదశ దాటి బజారుకు రాలేదు.

ఇప్పుడు పాత డబ్బాలకు రంగులు వేసే పనికి వాడుతున్న అప్‌సైక్లింగ్ అనే మాట కూడా వేరే కోపంలోంచి పుట్టింది. 1994లో రైనర్ పిల్జ్ అనే జర్మన్ ఇంజనీరు, నిక్షేపంలాంటి పాత ఇటుకలను పొడిచేసి దాన్ని రీసైక్లింగ్ అంటున్నారని మండిపడ్డాడు. అది విలువ దించడమే, పాత వస్తువుకు విలువ పెంచే పని కావాలన్నాడు. దానికి ముందే, 1979లో, డచ్ పార్లమెంటులో అడ్ లాన్‌సింక్ చెత్తకు ఒక నిచ్చెన సూచించాడు. అసలు పుట్టనివ్వకపోవడం పైమెట్టు, తిరిగి వాడటం దాని కింద, రీసైక్లింగ్ ఇంకా కింద. 2008లో ఐరోపా సమాఖ్య చట్టంలోకి కూడా ఈ వరుసే ఎక్కింది. ఆచరణలో మాత్రం ఊళ్లన్నీ పట్టుకుని వేలాడుతున్నది కింది మెట్టునే.

మళ్లీ జిగురు దగ్గరికి వద్దాం. కంపెనీకి తిరిగివచ్చి మళ్లీ నింపే సీసాలకూ లేబుళ్లుంటాయి. వాటిని కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లలో కడుగుతారు. లేబుల్ ఏ గీకుడూ లేకుండా జారిపోతుంది, ఎందుకంటే ఆ నీళ్లకు వదిలే జిగురునే కావాలని ఎంచుకుని అంటిస్తారు. ఆ సీసా కడుక్కోవాల్సింది వాళ్లే మరి.