మరక కూడా ఒక అద్దకమే

పోయిన వేసవిలో దుగ్గిరాలలో మా బంధువుల పెళ్లికి వెళ్లాం. భోజనాల దగ్గర పప్పు ఒలికి, మా పిన్ని కట్టుకున్న తెల్లటి మంగళగిరి నూలు చీర కుచ్చిళ్ల మీద అరచేయంత పసుపు మరక పడింది. ఇంటికి రాగానే బట్టల సబ్బు తీసుకుని రుద్దింది. రుద్దిన చోటల్లా మరక ఇటుక రంగులోకి మారిపోయింది. "ఇదేంట్రా, నెత్తురు పడ్డట్టు ఎర్రగా అయిపోయింది! చీర పాడైపోయినట్టేనా?" అని పిన్ని ఒకటే టెన్షన్.

చీరకు ఏమీ కాలేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా. కొత్త దంపతులు గుమ్మంలోకి రాగానే దిష్టి తీసే ఎర్రనీళ్లూ అవే కదా. ఆ కుచ్చిళ్ల మీద జరిగింది కూడా అదే. పసుపుకు రంగునిచ్చేది కర్క్యుమిన్ అనే పదార్థం. దాన్ని 1815లోనే వేరుచేశారు, అణువు నిర్మాణం 1910లో తెలిసింది. క్షారం తగిలితే ఆ అణువు కాంతిని పీల్చుకునే తీరు మారుతుంది, దాంతో మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. సున్నం క్షారమే, బట్టల సబ్బులోనూ క్షారగుణం ఉంటుంది. బాగా జాడించి, రెండు చుక్కల నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చగా అవుతుంది. పిన్ని కళ్ల ముందే అలా చేసి చూపించాను.

పచ్చగా అయితే అయింది గానీ పూర్తిగా పోవాలి కదా. కర్క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, అందుకే ఎంత ఉతికినా లేత పసుపు మిగులుతుంది. దానికి విరుగుడు మన దగ్గర కావలసినంత ఉంది: ఎండ. వెలుతురు తగిలితే ఈ అణువు విరిగిపోతుంది, రంగు వెలిసిపోతుంది. సబ్బు పెట్టి ఉతికిన చీరను తడితడిగానే మేడ మీద దండెం మీద వేశాం. రెండు మధ్యాహ్నాలు గడిచేసరికి మరక ఎక్కడ పడిందో వెతుక్కోవాల్సి వచ్చింది. రంగు చీరలైతే ఇంత ఎండ పనికిరాదు, మరకతో పాటు చీర రంగూ వెలుస్తుంది.

మరకల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు పెడన గుర్తొస్తుంది. విజయవాడ నుంచి బందరు వైపు వెళితే వచ్చే ఆ ఊళ్లో కలంకారీ అద్దకం పనివాళ్లు ముందు గుడ్డను కరక్కాయ రసంలో నానబెట్టి ఆరబెడతారు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నీళ్లలో పులియబెట్టి తీసిన ద్రవాన్ని అచ్చుతో దాని మీద అద్దుతారు. కరక్కాయలోని టానిన్లు, అంటే దాని వగరుకు కారణమైన పదార్థాలు, ఇనుముతో కలిసి, చెరగని నలుపు పుడుతుంది. పటిక అద్దిన చోట ఎరుపు పడుతుంది. రంగు గుడ్డను వదలకుండా ఉండాలంటే ఏం చేయాలో వాళ్లకు తరతరాలుగా తెలుసు. చొక్కా మీద టీ ఒలికినప్పుడు మనమూ, తెలియకుండానే, అదే పని చేస్తుంటాం. టీలోనూ టానిన్లే ఉంటాయి. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లలో నానబెడితే ఆ మరక ఇంకా నల్లబడుతుంది. టీ పడగానే మంచి నీళ్లతో జాడించేస్తే చాలావరకు పోతుంది. సాయంత్రం దాకా వదిలేస్తే అది అద్దకమైపోతుంది.

కొన్ని మరకల విషయంలో ఈ పొరపాటు వేడి వల్ల జరుగుతుంది. నెత్తురు, గుడ్డు, పాలు ప్రొటీన్ మరకలు. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడి మళ్లీ ఎలా కరగదో, నెత్తురు మీద గీజర్ నీళ్లు పోస్తే అందులోని ప్రొటీన్ కూడా నూలు పోగుల మధ్య అలాగే గడ్డకట్టుకుంటుంది. నెలసరి మరకలు పడిన బట్టలను శుభ్రం అనుకుని వేడినీళ్లలో నానబెట్టే ఇళ్లు చాలా చూశాను. చన్నీళ్లే వాడాలి. ఎండిపోయిన మరకైతే చన్నీళ్లలో కాస్త ఉప్పు వేసి గంటసేపు ఉంచి, ఆ తర్వాతే సబ్బు పెట్టాలి. ఎంజైములున్న డిటర్జెంట్ వీటికి బాగా పనిచేస్తుంది. ప్రొటీన్లను ముక్కలు చేసే జీర్ణరసాలను బట్టలు ఉతకడానికి వాడొచ్చని జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో రోమ్ 1913లోనే పేటెంట్ తీసుకున్నాడు. మన కడుపులో అన్నం అరిగే పద్ధతే బకెట్‌లోనూ జరుగుతుంది. దానికి కాస్త టైం ఇవ్వాలి, అందుకే నానబెట్టడం.

ఇక మే నెల వచ్చిందంటే గుంటూరులో ఆవకాయ మరక పడని ఇల్లుండదు. మిర్చి ఎరుపు కెరోటినాయిడ్ల వల్ల వస్తుంది. క్యారెట్, టమోటా రంగులదీ అదే కుటుంబం. ఇవి నీళ్లలో కరగవు, నూనెలో కరుగుతాయి. ఆవకాయలో నువ్వుల నూనె దండిగా ఉంటుంది కాబట్టి రంగంతా అందులోకే దిగుతుంది. మరక పడగానే అందరం చేసేది తడి గుడ్డతో తుడవడం. దానివల్ల నూనె ఇంకా పక్కలకు పాకుతుంది. ముందు చెంచా అంచుతో పైనున్న గుజ్జు తీసేయండి. తర్వాత మరక మీద పౌడర్ డబ్బాలోంచి టాల్కం పౌడర్ మందంగా చల్లి అరగంట ఆగండి. తెల్లటి పౌడర్ మెల్లగా నారింజ రంగుకు తిరగడం కళ్లతో చూడొచ్చు. గుడ్డలో ఉన్న నూనె, దాంతోపాటు రంగు, పౌడర్‌లోకి ఎక్కుతున్నాయన్నమాట. అది దులిపేసి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, నీళ్లు కలపకుండా, పొడి గుడ్డ మీదే రాసి పది నిమిషాలు ఉంచాలి. సబ్బు అణువుకు ఒక కొసకు నీళ్లంటే ఇష్టం, రెండో కొసకు నూనె అంటే ఇష్టం. నూనె వైపు కొసలన్నీ చుక్క చుట్టూ చేరి దాన్ని చిన్న చిన్న ఉండలుగా చుట్టేస్తాయి, నీళ్లు పోస్తే ఆ ఉండలు కొట్టుకుపోతాయి. ముందే నీళ్లు పోస్తే సబ్బు పలచబడి నూనెను పట్టుకోలేదు. ఈ మరకకు గోరువెచ్చని నీళ్లు మంచివే. చివరికి మిగిలే లేత నారింజ రంగును, పసుపు లాగే, ఎండ తినేస్తుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది అరటి కర. కొల్లిపర వైపు లంకల్లో గెల దింపుతుంటే చెయ్యి వేశాను. చొక్కా మీద పడిన చుక్కలు నీళ్లలాగే ఉన్నాయి. ఆరిపోతాయిలే అనుకున్నాను. మర్నాటికి గోధుమరంగు, ఆ మర్నాటికి నల్ల మచ్చలు. కరలోని ఫీనాల్ పదార్థాలు గాలితో కలిసి, ఎంజైమ్ సాయంతో, ముదురు రంగులోకి మారతాయి. కోసిన వంకాయ, అరటికాయ ముక్కలు నల్లబడేదీ ఇలాగే. అందుకే వాటిని ఉప్పునీళ్లలోనో మజ్జిగలోనో వేస్తారు. ఉప్పు, పులుపు ఆ ఎంజైమ్ జోరు తగ్గిస్తాయి. గుడ్డ మీద కర పడితే రంగు తేలకముందే, పక్కనున్న బోదెలోనైనా సరే, సబ్బుతో ఉతికేయాలి. నల్లబడ్డాక పూర్తిగా పోగొట్టడం చాలా కష్టం. నా చొక్కా ఇప్పటికీ తోట పనికే పనికొస్తోంది.

బాల్‌పెన్ సిరాకు శానిటైజర్ చాలు. కింద పాత గుడ్డ పెట్టి, పైనుంచి దూదితో అద్దాలి, రుద్దకూడదు. తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టాలి. తుప్పు మీద బ్లీచింగ్ వాడితే మరక ఇంకా ముదురుతుంది.

బ్లీచింగ్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. దానితో నిమ్మరసం, వెనిగర్, బాత్‌రూమ్ యాసిడ్ ఏవీ కలపకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. తలుపులు మూసిన బాత్‌రూమ్‌లో అసలు వద్దు.

పట్టుచీరల దగ్గర పైన చెప్పినవాటిలో చాలావరకు మర్చిపోవాలి. పట్టు కూడా ప్రొటీనే. నెత్తురు మరకను కొరికే ఎంజైమ్ పట్టు పోగునూ కొరుకుతుంది, క్షారం మెరుపు తీసేస్తుంది, బ్లీచింగ్ పోగునే తినేస్తుంది. పెద్దవాళ్లు పట్టుకు కుంకుడుకాయ రసం వాడేది ఊరికే కాదు. దాని నురుగు మెత్తగా పనిచేస్తుంది, సబ్బులో ఉండే క్షారం అందులో ఉండదు. పెద్ద మరకైతే ఇంట్లో ఏమీ చేయకుండా డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు అక్కడ పడింది నూనో, పాయసమో, కుంకుమో, ఎన్ని రోజులైందో చెప్పి, మరక చుట్టూ దారంతో గుర్తు కుట్టి ఇవ్వండి. అప్పటిదాకా ఆ చీర మీద ఇస్త్రీ పెట్టకండి.