ఊపిరి ఊదే పరికరాల పోటీ: మనుషుల నుంచి బొమ్మల మీదకు

గుండె ఆగి పడిపోయిన మనిషికి ఊపిరి అందించడానికి అంబులెన్స్ సిబ్బందికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ముఖానికి మాస్కు అదిమి అంబు బ్యాగ్ (చేతితో నొక్కే గాలి సంచి) నొక్కడం ఒకటి. గొంతులో స్వరపేటిక మీద కూర్చునే ఎల్‌ఎంఏ (లారింజియల్ మాస్క్ ఎయిర్‌వే), ఐ-జెల్ లాంటివి దించడం రెండోది. లారింగోస్కోప్‌తో చూస్తూ నేరుగా శ్వాసనాళంలోకే ట్యూబ్ వేయడం మూడోది. వీటిలో ఏది మేలన్నది పాత గొడవే. దాని మీద వచ్చిన అధ్యయనాల్లో చాలా మనుషుల మీద చేసినవి కావు, మ్యానికిన్ అనే శిక్షణ బొమ్మ మీద చేసినవి. మెడికల్ విద్యార్థులు, నర్సులు, ఈఎంటీలు (అంబులెన్స్‌లో వైద్యం చేసే సిబ్బంది) ఒక్కో పరికరం బొమ్మ నోట్లో పెడతారు. ఎన్ని సెకన్లు పట్టింది, మొదటిసారే కుదిరిందా, ఊపిరితిత్తుల్లోకి గాలి ఎంత వెళ్లింది అని లెక్కేస్తారు.

ఇలాంటి పోలికను మొదట్లో బతికున్న మనుషుల మీదే చేశారు. 1950ల దాకా నీళ్లలో మునిగినవాళ్లకు చేసే కృత్రిమ శ్వాస అంటే వీపు నొక్కడం, చేతులు ఎత్తి దించడం. హోల్గర్ నీల్సన్, సిల్వెస్టర్ పద్ధతులు అవే. నోటితో ఊదే గాలిలో ఆక్సిజన్ సరిపోతుందని అమెరికా డాక్టర్ జేమ్స్ ఎలం చూపించాడు. దాన్ని ముందుకు తీసుకెళ్లిన పీటర్ సఫర్ బాల్టిమోర్‌లో చేసిన ప్రయోగాలకు ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ కూడా ఒప్పుకోదనుకుంటా. ముందుకొచ్చిన వాలంటీర్లకు మత్తిచ్చి, కండరాలను స్తంభింపజేసే మందు ఇచ్చి, ఊపిరి పూర్తిగా ఆపేవాడు. వాళ్లకు పాత పద్ధతుల్లోనూ, నోటితో ఊదీ శ్వాస ఇప్పించి పోల్చి చూశాడు. ఊదినవాళ్లలో డాక్టర్లు కాని మామూలు మనుషులూ ఉన్నారు. స్పృహ లేనివాడి నాలుక వెనక్కి జారి దారి మూసేస్తుందని, తల వెనక్కి వంచితే తెరుచుకుంటుందని, చేతులు ఎత్తి దించితే లోపలికి వెళ్లే గాలి చాలా తక్కువని తేలింది. ఆ ఫలితాలు 1958లో అచ్చయ్యాయి.

నేర్పడానికి మాత్రం ప్రతిసారీ మనిషిని పడుకోబెట్టలేరు కదా. నార్వేలోని స్టవాంగర్‌కు చెందిన డాక్టర్ బ్యోర్న్ లిండ్ ఈ అవసరాన్ని ఆ ఊళ్లోనే ప్లాస్టిక్ ఆటబొమ్మలు చేసే అస్ముండ్ లేర్డాల్ దగ్గరికి తీసుకెళ్లాడు. 1960లో ‘రెసస్సి ఆన్’ బొమ్మ వచ్చింది. తల వెనక్కి వంచకపోతే దాని గొంతులోంచి గాలి పోదు. సఫర్ మనుషుల మీద కనిపెట్టిన విషయాన్ని బొమ్మ మెడలోనే పెట్టేశారు.

చేతితో నొక్కే సంచి వెనక మరో విషాదం ఉంది. 1952లో కోపెన్‌హాగన్‌ను పోలియో ముంచెత్తినప్పుడు బ్లెగ్డం ఆసుపత్రిలో తొలి వారాల్లో రెస్పిరేటర్ల సాయంతో వైద్యం పొందిన 31 మందిలో 27 మంది చనిపోయారు. మత్తు డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ గొంతుకు రంధ్రం పెట్టి, ట్యూబ్ వేసి, సంచి నొక్కుతూ గాలి పంపమన్నాడు. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులేసుకుని రాత్రింబవళ్లు నొక్కారు. మరణాలు బాగా తగ్గాయి. ఆ సంచులు నిండాలంటే సిలిండర్ గ్యాస్ ఉండాల్సిందే. నొక్కి వదిలితే తనంతట తానే గాలి నింపుకునే సంచిని అదే డెన్మార్క్‌లో హెన్నింగ్ రూబెన్ రూపొందించాడు. మొదటి నమూనా లోపల సైకిల్ పుల్లలు వాడాడు. 1956 నుంచి అది అంబు అనే పేరుతో లోకమంతా తిరిగింది.

మాస్కుకూ ట్యూబ్‌కూ మధ్య ఖాళీని పూడ్చింది బ్రిటన్ డాక్టర్ ఆర్చీ బ్రెయిన్. శ్వాసనాళం లోపలికి పోనక్కర్లేదు, దాని ద్వారం మీద చిన్న మాస్కు కూర్చుంటే చాలన్నది ఆయన ఆలోచన. 1981లో లండన్‌లో మొదటి నమూనా పరీక్షించాడు, 1988లో ఎల్‌ఎంఏ మార్కెట్‌కొచ్చింది. 2007లో వచ్చిన ఐ-జెల్‌కు గాలి నింపి ఉబ్బించే అంచు (కఫ్) లేదు, సిరంజి పని లేదు. స్టాప్‌వాచ్ పెట్టిన పరీక్షల్లో అది తరచూ ముందుండటంలో వింతేమీ లేదు.

ట్యూబ్ వేయడం ఎవరికి కష్టమవుతుందో ముందే అంచనా వేసే పద్ధతికి మనవాడి పేరే ఉంది. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి బోస్టన్‌లో పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు 1985లో దాన్ని ప్రచురించారు. నోరు బాగా తెరిచి నాలుక చాపమంటే వెనక ఏమేం కనిపిస్తున్నాయో చూస్తారు. కూర్చుని, చెప్పిన మాట వినే రోగికైతే అది పనికొస్తుంది. రోడ్డు మీద స్పృహ తప్పినవాడికి నాలుక చాపమని ఎవరు చెప్తారు? ఆపరేషన్ థియేటర్ లెక్కలు అంబులెన్స్‌లో తప్పడానికి ఇదొక కారణం.

బొమ్మ లెక్కలూ అలాగే తప్పుతాయి. బొమ్మకు వాంతి రాదు, రక్తం కారదు, స్వరతంతువులు కదలవు. పెళ్లి భోజనం చేసి బండి మీంచి పడ్డ మనిషి గొంతు అలా ఉండదు. పైగా ఒక కంపెనీ బొమ్మలో చక్కగా కూర్చున్న పరికరం ఇంకో కంపెనీ బొమ్మలో గాలి లీక్ చేయొచ్చు. కాబట్టి ‘ఫలానా పరికరం 10 సెకన్లు వేగం’ అనే ఫలితం నా దృష్టిలో కొత్తవాళ్ల చేతులు దాన్ని ఎంత తొందరగా పడతాయో చెప్పేదే. రోగి బతుకుతాడా అన్నది అది చెప్పదు.

అసలు రోగుల మీద పెద్ద పరీక్షలు 2018 ఒక్క ఏడాదిలోనే మూడు బయటికొచ్చాయి. ఇంగ్లండ్‌లో 9296 మంది మీద చేసిన ఎయిర్‌వేస్-2లో మెదడు బాగా ఉండి బయటపడ్డవాళ్లు ఐ-జెల్‌తో 6.4 శాతం, ట్యూబ్‌తో 6.8 శాతం. అంటే తేడా లేనట్టే. అమెరికాలో 3004 మంది మీద చేసిన పార్ట్ పరీక్షలో లారింజియల్ ట్యూబ్ (పేరు ట్యూబే అయినా శ్వాసనాళంలోకి పోని రెండో రకం పరికరం) మొదటిసారే కుదిరింది 90 శాతం మందిలో, శ్వాసనాళంలోకి వేసే ట్యూబ్ 52 శాతం మందిలోనే. 72 గంటలు బతికినవాళ్లు వరుసగా 18.3, 15.4 శాతం. ఫ్రాన్స్, బెల్జియంలలో ఉత్త అంబు బ్యాగ్‌ను ట్యూబ్‌తో పోలిస్తే, మెదడు బాగుండి బతికినవాళ్లు దాదాపు సమానం. కాకపోతే బ్యాగ్‌తో కడుపులోది పైకి రావడం రెట్టింపు. అక్కడ ట్యూబ్ వేసేది అంబులెన్స్‌లో వచ్చే డాక్టర్లు అన్నది మర్చిపోకూడదు.

పరికరం కంటే నొక్కే చెయ్యి ఎంత చెడగొడుతుందో అంతకు ముందే తెలుసు. 2004లో మిల్వాకీ నగరంలో టామ్ ఆఫ్డర్‌హైడ్ బృందం చూస్తే, గుండె ఆగినవాళ్లకు సిబ్బంది నిమిషానికి సగటున 30 సార్లు గాలి పంపుతున్నారు. ట్యూబ్ వేశాక ఇప్పుడు చెప్పేది 10. టెన్షన్‌లో బ్యాగ్ నొక్కేస్తూనే ఉంటారు. దాంతో ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు రక్తం తిరిగి రాదు. పెద్దవాళ్ల బ్యాగ్‌లో సుమారు 1500 మిల్లీలీటర్లు పడితే కావాల్సింది 500-600 మాత్రమే. బొమ్మ నిజంగా బాగా నేర్పగలిగేది ఈ అదుపునే, పోలిక పరీక్షల్లో దీనికి దక్కే చోటు మాత్రం తక్కువ.

2019లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఒకే విజేతను ప్రకటించలేదు. ట్యూబ్ సక్సెస్ రేటు ఎక్కువున్న చోట ఏదైనా వాడొచ్చని, తక్కువున్న చోట స్వరపేటిక మీద కూర్చునే పరికరమే వాడమని, ఎవరి సక్సెస్ రేటు వాళ్లు లెక్క పెట్టుకోమని చెప్పింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108కీ ఇదే వర్తిస్తుంది. బొమ్మ మీద ఎవరో ఎన్ని సెకన్లలో పెట్టారన్నది కాదు, మన ఈఎంటీ అసలు రోగికి ఎన్నోసారికి పెట్టగలుగుతున్నాడు, పెట్టాక నిమిషానికి ఎన్నిసార్లు నొక్కుతున్నాడు అన్నదే చూసుకోవాలి.