నీళ్లలో మునగని దూది

చెట్టు నుంచి కోసిన పత్తిలోంచి చిన్న పింజ తీసి నీళ్లలో వేస్తే మునగదు, పైనే తేలుతుంది. అదే మందుల షాపులో కొన్న దూది ముక్క వేస్తే చూస్తుండగానే అడుక్కి పోతుంది. రెండూ పత్తే. మరి తేడా ఎక్కడ?

పత్తి పోగు నిజానికి గింజ తోలు మీద మొలిచిన ఒకే ఒక్క కణం. దాని మందం 12 నుంచి 20 మైక్రోమీటర్లు, పొడవు మాత్రం రెండు మూడు సెంటీమీటర్లు. ఈ పోగు పైన పలచగా మైనం ఉంటుంది. బరువు చూస్తే అది 1 శాతం కూడా కాకపోవచ్చు. కానీ నీటిని లోపలికి రానివ్వకుండా ఆపడానికి ఆ కాస్తా చాలు. క్షారంలో ఉడికించి మైనం వదిలించాకే దూది తడుస్తుంది.

లోపల ఉన్నది దాదాపు అంతా సెల్యులోజ్, అంటే గ్లూకోజ్ అణువులు కలిసిన పొడవాటి గొలుసు. ప్రతి గ్లూకోజ్ దగ్గరా మూడు హైడ్రాక్సిల్ సమూహాలు, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు, ఉంటాయి. నీటి అణువులకు అవే పట్టు. గొలుసులు స్ఫటికంలా ఒత్తుగా పేర్చుకున్న చోట నీటికి సందు దొరకదు. చెదిరినట్టున్న చోట్ల దూరుతుంది. అప్పుడు పోగు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవు పెద్దగా పెరగదు. గాలిలో తేమ 65 శాతం ఉంటే, పొడిగా కనిపించే నూలు బట్టలో కూడా దాని బరువులో 7, 8 శాతం నీరుంటుంది. పాలిస్టర్‌లో 0.4 శాతమే.

అయితే తడి టవల్ బరువంతా ఈ నీటిదే అనుకుంటే పొరపాటు. ఎక్కువ భాగం పోగుల మధ్య సందుల్లో నిలిచిన నీరే. సన్నని గొట్టంలో నీరు తనంతట తాను పైకి పాకినట్టే ఇక్కడా పాకుతుంది. దీన్నే కేశనాళికా చర్య అంటారు. ఈ పాకుడు మొదట్లో జోరుగా ఉండి, పోనుపోను మందగిస్తుంది. అడ్డంగా పరిచిన గుడ్డలో రెండింతల దూరం పోవాలంటే నాలుగింతల సమయం పడుతుందని 1921లో ఎడ్వర్డ్ వాష్‌బర్న్ ఇచ్చిన సూత్రం చెబుతుంది. టవల్ పిండితే కారేది ఈ సందుల్లోని నీరే. పోగు లోపల చేరిన నీరు ఎంత మెలితిప్పినా రాదు, ఆరాల్సిందే. నూలు బట్ట ఆరడానికి ఎక్కువసేపు పట్టేది అందుకే.

ఫ్యాక్టరీలో అంత కష్టపడి మైనం తీసేస్తే, మనం ఇంట్లో సాఫ్ట్‌నర్ వేసి మళ్లీ కొవ్వులాంటి పూత పట్టిస్తాం. టవల్ మెత్తబడుతుంది, తుడిస్తే మాత్రం నీళ్లు సరిగ్గా పీల్చదు. మెత్తటి టవల్ కావాలా, తుడిచే టవల్ కావాలా అంటే నా ఓటు రెండోదానికే.

పోగు ఉబ్బే ఈ గుణాన్ని తిరగేసి వాడుకున్నవాళ్లూ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, సముద్రంలో పడిపోయే పైలట్ల కోసం ఇంగ్లండ్ మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్ వెంటైల్ అనే నూలు బట్టను తయారుచేసింది. పొడవైన పోగుల దారంతో చాలా ఒత్తుగా నేశారు. పొడిగా ఉన్నప్పుడు ఒంటి చెమట ఆవిరి దాని సందుల్లోంచి బయటికి పోతుంది. తడవగానే పోగులు ఉబ్బి, ఆ సందుల్ని మూసేస్తాయి.