ఫిట్స్ నేరం ఫోన్ మీదకి ఎలా వచ్చింది: పర్లాకిమిడి నుంచి

2020 ఏప్రిల్‌లో ఒక పొద్దున్న, ఆంధ్ర సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మా పిన్ని కొడుకు పళ్లు తోముకుంటుంటే చేతిలో బ్రష్ ఎగిరి గోడకి తగిలింది. తీసుకుంటే మళ్లీ ఎగిరింది. కాసేపటికి పెరట్లోనే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. పక్కింటివాళ్లు తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు, ఇంకెవరో ఉల్లిపాయ కోసుకొచ్చారు (రెండూ దండగే, పక్కకి తిప్పి పడుకోబెట్టి తల కింద ఏదైనా మెత్తటిది పెట్టాలి, అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తాలి). సాయంత్రానికల్లా వీధి తీర్పు చెప్పేసింది: "రాత్రంతా ఫోన్ చూస్తే రాక ఏం చేస్తాయి?"

అసలు ఈ అనుమానం ఫోన్‌కి టీవీ నుంచి వచ్చిన ఆస్తి. 1946లోనే ఇంగ్లాండ్‌లో గ్రే వాల్టర్ అనే మెదడు శాస్త్రవేత్త బృందం మనుషుల కళ్ల ముందు లైటు టపటపా మెరిపిస్తూ మెదడు ఎలా స్పందిస్తుందో రికార్డు చేసింది, వెలుగుకి ఫిట్స్ వచ్చే గుణం ఉందేమో చూడటానికి ఇప్పటికీ ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) తీసేటప్పుడు అదే పని చేస్తారు. ఇక 1997 డిసెంబర్ 16న జపాన్ టీవీలో పోకెమాన్ కార్టూన్ వస్తుండగా ఎరుపు, నీలం రంగులు సెకనుకి 12 సార్ల చొప్పున మెరిసే సీన్ ఒకటి పడింది, అంతే, ఆరు వందల మందికి పైగా ఆస్పత్రులకి వెళ్లారు, ఎక్కువ మంది పిల్లలే. అందరికీ ఫిట్స్ కాదు, తల తిరగడం, వాంతులు కూడా. అప్పటి నుంచి తెర అంటే భయం.

కానీ మూర్ఛ ఉన్నవాళ్లలో వెలుగు మెరుపులకి ఫిట్స్ వచ్చేది వందకి ముగ్గురు నలుగురికే. మావాడికున్న రకం మూర్ఛలో (జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటారు) ఆ పాళ్లు ఎక్కువే, కాబట్టి ఫోన్ పూర్తిగా నిర్దోషి అనను. అయితే ఈ రకం గురించి 1957లోనే జర్మనీలో యాంజ్, క్రిస్టియన్ అనే డాక్టర్లు వివరంగా రాశారు: టీనేజీలో మొదలవుతుంది, నిద్ర లేచిన కాసేపటికి చేతులు ఎగిరిపడతాయి, నిద్ర చాలకపోతే ముదురుతుంది. అప్పటికి ఫోన్ ఎక్కడుంది!

లాక్‌డౌన్‌లో బడి లేదు, పొద్దున్నే లేపేవాళ్లు లేరు, వాడు గేమ్ ఆడి మూడింటికి పడుకునేవాడు. ఫోన్ వెలుగు నిద్ర తెప్పించే మెలటోనిన్‌ని అణిచేస్తుందన్నది నిజమే, గేమ్ వదలాలనిపించకపోవడం అంతకన్నా నిజం.

దీనికి తోడు మాత్రల సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. వాడి డాక్టరు శ్రీకాకుళంలో, మందుల షాపు పాతపట్నంలో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మమ్మల్ని ఇటు వేసినా మా రాకపోకలు ఆగింది లేదు, 2020 మార్చి 25న లాక్‌డౌన్‌తో మాత్రం బారికేడ్లు పడ్డాయి. మిగిలిన వాల్‌ప్రోయేట్ (వాడు వేసుకునే ఫిట్స్ మాత్ర) పది రోజులకే సరిపోతుందని పిన్ని రోజుకి రెండు బదులు ఒకటే ఇచ్చింది. "అయిపోతే ఎక్కడ తేనురా?" అంది నాతో ఫోన్‌లో. మందు ఒక్కసారిగా తగ్గిస్తే ఫిట్స్ వస్తాయని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

చివరికి డాక్టరు వీడియో కాల్‌లో చూసి చీటీ వాట్సాప్‌లో పంపారు. కూరగాయల వ్యాన్ డ్రైవరు రెండు నెలల మాత్రలు తెచ్చిపెట్టాడు. ఆ కాల్ కూడా, వీధి మొత్తం తిట్టిన ఆ ఫోన్‌లోనే.