జామాకు వగరు, కలంకారీ నలుపు

విరేచనాలు పట్టుకుంటే మా ఇంట్లో ముందు జామ చిగుళ్లు నమలమంటారు. నోరంతా పట్టేసేంత వగరు. ఆకులోని టానిన్లు అనే వగరు పదార్థాలు మన లాలాజలంలో ఉండే ప్రొటీన్లను పట్టుకుని గడ్డకట్టిస్తాయి, నాలుక గరుకుగా అనిపించేది అందుకే.

టానిన్లు ఉన్నాయో లేదో తేల్చే పరీక్ష తేలికే. ఆకు మరిగించి వడకట్టిన నీళ్లలో కొన్ని చుక్కల ఫెర్రిక్ క్లోరైడ్ (ఇనుము ఉండే లవణం) వేస్తే నీలంగానో ముదురాకుపచ్చగానో నల్లబడిపోతుంది. తిరుపతి పక్కనే శ్రీకాళహస్తిలో కలంకారీ వాళ్లు తరతరాలుగా చేస్తున్నది కూడా ఇదే రసాయన చర్య: కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి ఆరబెట్టి, ఇనుపముక్కలు బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన ద్రవంతో గీత గీస్తే, కరక్కాయ టానిన్‌కి ఇనుము తగిలి ఆ గీత నల్లగా తేలుతుంది. నాకైతే ల్యాబ్‌లో టెస్ట్ ట్యూబ్ నల్లబడ్డప్పుడల్లా ఆ గుడ్డలే గుర్తొస్తాయి.

కానీ రంగు మారిందంటే ఆ జాతి పదార్థం ఉందని మాత్రమే. ఎంత ఉంది, అందులో ఏది పనిచేస్తోంది అన్నది రంగు చెప్పదు, దానికి కలిసి ఉన్న పదార్థాలను విడివిడిగా చూపే క్రోమటోగ్రఫీ కావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది, నాకు ఇదే అసలైనదిగా తోస్తుంది. ల్యాబ్‌లో చాలాసార్లు నీడన ఎండబెట్టిన ఆకు పొడిని మిథనాల్ అనే ఆల్కహాల్‌లో నానబెట్టి సారం తీస్తాం. జామాకులో ఉండే క్వెర్సెటిన్ అనే పదార్థం మిథనాల్‌లో బాగా కరుగుతుంది, నీళ్లలో చాలా తక్కువ. మరి ఇంట్లో తాగేది నీళ్ల కషాయం కదా! మిథనాల్ సారం గాజు పళ్లెంలో బ్యాక్టీరియాను ఆపిందని, కషాయం కడుపులో అదే పని చేస్తుందని ఎలా అంటాం?

మారేడు సంగతి చూడండి. కపిలతీర్థంలో శివుడికి వేసే ఆ ఆకులో ఏజిలిన్ అనే పదార్థం ఉంది. దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసి బరువు తగ్గే మాత్రల్లో కలిపి అమ్మారు. 2013లో అమెరికాలో, ముఖ్యంగా హవాయిలో, ఆ మాత్రలు వాడిన చాలామందికి కాలేయం దెబ్బతింది, వాటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఆకుని పట్టుకుని నిందించడానికి చెప్పట్లేదు. ఆకులో ఉన్నదే కదా అని మాత్రలోకి ఎక్కిస్తే మోతాదు, వాడే తీరు, పక్కన కలిసేవి అన్నీ మారిపోతాయి.

అందుకే ఆకుల మీద ప్రాజెక్టు చేసే పిల్లలకి నేను ఒకటే చెబుతాను: మిథనాల్ సారంతో పాటు మీ అవ్వ కాచే కషాయాన్నీ పరీక్షించండి. ఎన్ని ఆకులు, ఎన్ని నీళ్లు, ఎంతసేపు మరిగించాలి, లేతాకా ముదురాకా, ముందు ఆమెనే కూర్చోబెట్టి అడిగి రాసుకోండి.