అపోహలు - వాస్తవాలు: ఆకాశం నుంచి దిగే లాంగ్‌వేవ్ లెక్క

చెరువుల్లో నీరు ఎంత ఆవిరవుతుందో లెక్కగట్టే ప్రాజెక్టు చేసే పిల్లలు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. చిక్కుకునేది ఒకే చోట: ఆకాశం నుంచి నేలకు చేరే లాంగ్‌వేవ్, అంటే గాలి, మబ్బులు కిందికి వదిలే కంటికి కనిపించని వేడి కిరణాలు. దాన్ని కొలిచే పరికరం మన వెదర్ స్టేషన్లలో సాధారణంగా ఉండదు. ఉష్ణోగ్రత, తేమ చూసి అంచనా కట్టాల్సిందే.

అపోహ: తేమ శాతం ఎక్కువుంటే లాంగ్‌వేవ్ కూడా ఎక్కువ.

కాదు. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ ఇదే. వేడిని వెదజల్లేది గాలిలో నిజంగా ఉన్న ఆవిరి, శాతం కాదు. హనుమకొండలో జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలు, 90 శాతం తేమ అనుకోండి. ఆవిరి పీడనం సుమారు 15 హెక్టోపాస్కల్స్. మే మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 25 శాతమే. పెదాలు పగులుతుంటాయి, అయినా ఆవిరి పీడనం 20 దాటుతుంది. నీటి శాస్త్రవేత్త బ్రుట్‌సార్ట్ 1975లో ఇచ్చిన సూత్రంలో వేసి చూడండి. ఆవిరి పీడనాన్ని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగించి, దాని ఏడో మూలాన్ని 1.24తో గుణిస్తే ఎమిసివిటీ, అంటే వేడిని వదిలే సామర్థ్యం (గరిష్ఠం 1), వస్తుంది. జనవరికి 0.82, మేకు 0.84. ఆ ఉష్ణోగ్రత దగ్గర పూర్తి సామర్థ్యంతో వెలువడే వేడిని (స్టీఫాన్-బోల్ట్జ్‌మన్ సూత్రం) దీంతో గుణిస్తే లాంగ్‌వేవ్ వస్తుంది: చదరపు మీటరుకు సుమారు 319 వాట్లు, 469 వాట్లు.

దీని వెంటే యూనిట్ల పొరపాటు. పంటల నీటి అవసరం లెక్కకు ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ ఇచ్చిన ఎఫ్.ఏ.ఓ. 56 పద్ధతిలో ఆవిరి పీడనం కిలోపాస్కల్స్‌లో ఉంటుంది. బ్రుట్‌సార్ట్ సూత్రానికి కావాల్సింది హెక్టోపాస్కల్స్, కిలోపాస్కల్‌కు పది. ఆ అంకెనే తెచ్చి ఇందులో పెడతారు. 319 కాస్తా 230 అవుతుంది. ఆ 90 వాట్లు రోజంతా పోతే, 3 మిల్లీమీటర్ల నీటిని ఆవిరి చేసేంత శక్తి లెక్కలోంచి మాయం!

పాకాల చెరువు మీద పనిచేసిన ఒకమ్మాయికి చలికాలంలో నీరు అసలు ఆవిరే కాదని లెక్క వచ్చింది. "వరంగల్‌కు ఈ ఫార్ములా పనికిరాదంట కదా సార్" అంది. హాస్టల్లో ఎవరో అన్నారట, డేటా మొత్తం పారేయమని కూడా చెప్పారట. ఇలాంటి మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. వైవా దగ్గరపడి ఆ పిల్లకు నిద్ర లేదు. షీట్ తెరిచి ఆవిరి పీడనం కాలమ్ ఒక్కదాన్నీ 10తో గుణించాం. టెన్షన్ దిగిపోయింది.

అపోహ: రాత్రి పైనుంచి ఏమీ రాదు. పైన చెప్పిన 319 వాట్లు సూర్యుడు లేనప్పటివే.

అపోహ: అన్ని రోజులకూ ఒకే సూత్రం. బ్రుట్‌సార్ట్‌ది మబ్బు లేని ఆకాశానికి. జులై ముసురులో ఎమిసివిటీ 1కి దగ్గరవుతుంది, మబ్బు సవరణ తప్పదు.

అపోహ: పైర్‌జియోమీటర్ (లాంగ్‌వేవ్‌ను కొలిచే పరికరం) మైనస్ చూపితే పాడైనట్టే. అది చూపేది వచ్చే వేడికీ, సెన్సర్ వదిలే వేడికీ మధ్య తేడా. సెన్సర్ వదిలే వేడిని దాని ఉష్ణోగ్రతతో లెక్కగట్టి కలపాలి. ఈఆర్ఏ5 (ప్రపంచమంతటికీ కంప్యూటర్ మోడల్‌తో తయారుచేసిన వాతావరణ డేటా) గంట డేటా వాడేవాళ్లు 3600తో భాగించడం మరవకండి, అందులో ఉండేది వాట్లు కాదు, గంట మొత్తం శక్తి జౌల్స్‌లో.

మిర్చి రైతుల అపోహ ఇంకొకటి: మబ్బు లేదు, వాన రాదు, పరదా అక్కర్లేదు. కాయ తడిస్తే రంగు పోతుంది, ఏనుమాముల మార్కెట్‌లో రేటు పడిపోతుంది. వాళ్ల భయం న్యాయమే. కానీ మంచు ఎక్కువ పట్టేది ఆ తేట రాత్రులే. 15 డిగ్రీల దగ్గర కల్లంలోని కాయ సుమారు 390 వాట్లు వదిలి 319 మాత్రమే అందుకుంటుంది. అలా గాలికన్నా చల్లబడి, ఆవిరిని తనమీదే నీరుగా పట్టుకుంటుంది. ఆరుబయట పెట్టిన బండి సీటు తడిసినా, వేపచెట్టు కింద పెట్టిన బండి సీటు పొడిగా ఉండేది అందుకే. గాలి ఆగి, చుక్కలు స్పష్టంగా కనిపించే రాత్రి కల్లం మీద పరదా కప్పండి.